లోపలి కుట్టు

కూచిపూడి రంగప్రవేశం దగ్గర పడింది. ఇండియాలో కుట్టించి తెప్పించిన జాకెట్టు అనికకు వదులైపోతే, అమ్మ మొన్న లోపలికి ఇంకో కుట్టు వేసింది. వేస్తున్నంతసేపూ మురిసిపోయింది.

"స్టేజ్ మీద ఎంత నాజూగ్గా కనిపిస్తావో. ఆంటీలంతా అడుగుతున్నారు, ఏం డైట్ చేయిస్తున్నావని."

ఈ రాత్రి అమ్మానాన్నా పార్టీకి వెళ్లారు. అమ్మ కలిపి పెట్టిన పప్పన్నాన్ని అనిక చెత్తబుట్టలో వేసి, కనబడకుండా పేపర్ టవల్ కప్పింది.

మేడమీద కుట్టుమిషను కాసేపు ఆడి ఆగిపోయింది.

ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. అనిక మెట్లెక్కి చూసింది. మిషను మీద కవరు కప్పే ఉంది. వైరు ప్లగ్గులో లేదు. పక్కనున్న జాకెట్టు మాత్రం వెచ్చగా ఉంది. తిరగేసి చూస్తే, అమ్మ వేసిన కుట్టుకు లోపలగా ఇంకో కొత్త కుట్టు.

తొడుక్కుంది. హుక్కులన్నీ పడ్డాయి. ముందు కలిగింది సంతోషమే.

కింద గరాజ్ తలుపు తెరుచుకుంది.

"అనికా, అన్నం తిన్నావామ్మా?"

"తిన్నా మమ్మీ."

వెనకాల, కవరు కింద, మిషను మళ్లీ మొదలైంది. జాకెట్టు పక్కటెముకల మీదికి బిగుస్తోంది. అనిక హుక్కుల కోసం తడుముకుంది. వేళ్లకు నున్నటి పట్టుగుడ్డ తప్ప ఏమీ తగల్లేదు. పిలుద్దామంటే ఊపిరి చాలలేదు.

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ చప్పుడు ఆమెకు వినిపిస్తున్నట్టు లేదు. కూతుర్ని చూసి మొహం విప్పారింది.

"ఇప్పుడు కరెక్ట్‌గా సరిపోయిందే."