వాలు అక్షరాలు

"ఉప్పనుకుని కూరలో పంచదార వేసుకున్నాను. డబ్బాల మీద పేర్లెందుకు పీకేశావు?" భోజనం మధ్యలో భర్త విసుక్కున్నాడు.

"మీరు బిస్కెట్ కంపెనీకి అమ్ముకున్న అక్షరాలు మనింట్లో ఎందుకని," అంది ఆమె.

అత్తగారు తలెత్తింది. "బిస్కెట్ పొట్లాల మీది గుండ్రటి అక్షరాలా? అవి వీడు గీసినవేగా?"

"మన డబ్బాల కోసం సీసా మూత పెట్టి గుండ్రంగా గీసింది నేను, అత్తయ్యా. పొయ్యి దగ్గర్నుంచి ఓరగా చూసినా తెలియాలని కుడికి వాల్చాను."

భర్త గొంతు తగ్గింది. "కంపెనీవాళ్ళు రేపటికి లావు అక్షరాలు కూడా అడిగారు. కాస్త గీసిపెట్టు."

"గీశాను. రేపు నేనే పట్టుకెళ్తున్నాను, మీరూ రండి. వాళ్ళ ముందు మీ చేతికి పెన్సిలిచ్చి ఒక్క 'అ' గీయమంటాను."

అతను తల్లి వైపు చూశాడు.

"నేనూ వస్తాను," అంది అత్తగారు, కంచం దగ్గరికి జరుపుకుంటూ. "వీడు గీయగా నేనెప్పుడూ చూడలేదు."