బారిస్టరుగారి భార్య ఉత్తరం

బావా,

నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటాయి, అక్షరాలు వంకరపోతాయి, ఏమీ అనుకోకు. మీనా సల్మాన్ రేవు దగ్గర మీ కూలీల క్యాంపులో, నీ గదిలో ఎనిమిది మంది ఉంటారని ఫోనులో చెప్పలేక రాస్తున్నాను.

ఇక్కడ జింజ్ పేటలో నేను పనిచేసే ఇంటి దొరసాని వాళ్ళ తాత జీవితాన్ని పుస్తకంగా రాస్తోంది. వందేళ్ళ కిందట ఆయన లండనులో పెద్ద బారిస్టరు, పార్లమెంటు మెంబరు. ఉరి తప్పదనుకున్న వాళ్ళని ఎందరినో వాదించి బతికించాడట.

నిన్న టీకి వచ్చినవాళ్ళకి ఆవిడ ఒక పాత ఉత్తరం చదివి వినిపించింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా, ట్రే పట్టుకుని నిలబడి నేనూ నవ్వాను.

వంటింట్లో, కాస్త ఇంగ్లీషు తెలిసిన వంటమనిషి నరసాయమ్మ పిన్ని నా మీద విరుచుకుపడింది.

"నీకెందుకే ఆ ఇకఇకలు? అది ఆయన పెళ్ళాం రాసుకున్నదే! 'నీ చొక్కా తలకింద పెట్టుకుంటేగాని నిద్దర పట్టట్లేదు, ఇది చదివి కాల్చెయ్యి' అని మొగుడికి రాసిందంట. ఊరందర్నీ కాపాడినోడు, ఆ ఒక్క మాటా ఇనలేదు సూడు!"

కప్పులు సింకులోనే వదిలేసి నా గదికి వెళ్ళిపోయాను.

బావా, క్యాంపులో ఎవరినీ అనుమానించకు. పోయిందని నువ్వు వెతుకుతున్న నీలం చొక్కా నా దిండు మీదే ఉంది. ఇది చదివిన వెంటనే పొయ్యిలో వేసెయ్యి. మడిచి దాచకు.