పిట్ట ముట్టలేదు

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ చినుకు రాలలేదు. రోహిణి ఎండ మబ్బు వెనక నుంచే ఊరిని ఉడకబెడుతోంది.

మంజీర ఒడ్డున విస్తరాకులో అన్నం, వంకాయ కూర, బెల్లం పరమాన్నం పెట్టి రాజలింగు వెనక్కి జరిగాడు. ఢిల్లీలో నెహ్రూ పోయి అది పదో రోజు. ఊరందరి తరఫున కాకిపిట్టకు పెడతానని రాజలింగే ముందుకొచ్చాడు. పిట్ట ముడితేనే పోయినవాడి మనసు నిమ్మళించినట్టు. అది ముట్టేదాకా ఎవరూ మెతుకు ముట్టరు.

బడిపంతులు ఆత్మారాం చంకలో పేపరుతో వచ్చాడు.

"రాజలింగన్నా, చెప్తే వినకపోతివి. ఆయనకు గీ దినాల మీద నమ్మకమే లేదు. నాకేం చెయ్యొద్దని వీలునామాల రాసుకున్నడు. నమ్మకం లేకుంట మాటవరసకు చేసినా, మనల్ని మనం మోసం చేసుకునుడు, లోకాన్ని మోసం చేసుడేనన్నడు."

మోసం అన్న మాటకు రాజలింగు తల దించుకున్నాడు.

"పోయినోళ్లకు లేకపోతే ఏమాయె సారూ. ఉన్నోళ్లకు ఉండదా?"

"ఇంటి పెద్ద పోయినట్టే అంటివి గదనే మామా," వరసకు అల్లుడైన హన్మండ్లు నవ్వాడు. "మరి తల గొరిగిచ్చుకోలేదేంది?"

రాజలింగు తలకు చుట్టిన రుమాలు కిందికి లాక్కున్నాడు.

కాకులు తుమ్మచెట్టు దిగలేదు.

"బోధన్ చక్కెర పెట్టుండ్రి. గంత పెద్దమనిషికి బెల్లం ఏం ఎక్కుతది?" అన్నాడు హన్మండ్లు.

"బెల్లమే ఇష్టం," అంది రాజలింగు భార్య హన్మవ్వ.

"నీకెట్ల ఎర్క అత్తా?"

హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

దూరంగా నిలబడ్డ ఏసుదానం మీద పడింది హన్మండ్లు కన్ను.

"నువ్వెందుకొచ్చినవే? నీ బిడ్డనిచ్చి రామ్‌దాసును మీ మతంల కలుపుకుంటివి. మామేమో కులపోళ్ల ముంగట నాకు కొడుకే లేడని నీళ్లిడిసె. వాడు పోచంపాడు డ్యాం పనిల పడి ఊరి మొఖమే సూడకపాయె. ఇంక గీడ నీకేం పని?"

"పెద్దాయనకు అన్ని మతాలోళ్లు ఒక్కటేనంట గదా," అన్నాడు ఏసుదానం మెల్లగా. "పిలిస్తే వచ్చిన."

"ఎవలు పిలిచిండ్రు?"

ఏసుదానం రాజలింగు దిక్కు చూడలేదు. రాజలింగూ అతని దిక్కు చూడలేదు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు.

"చెప్పిన గదా, ఆయన ముట్టడు," అన్నాడు ఆత్మారాం.

రాజలింగు లేచాడు. విస్తరాకు ముందు మోకాళ్ల మీద కూలబడి, ఎవరికీ వినబడకుండా ఏదో అన్నాడు. వెనక్కి వచ్చి నిలబడ్డాడో లేదో, ఒక కాకి రెక్కలు కొట్టుకుంటూ దిగి పరమాన్నంలో ముక్కు పెట్టింది.

"ముట్టింది! ప్రధానమంత్రితోని ఏం ముచ్చటపెడితివే మామా?"

రాజలింగు పోయి ఏసుదానం చెయ్యి పట్టుకొచ్చి, బంతిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. హన్మండ్లు నోరు తెరిచి, రాజలింగు మొహం చూసి మూసుకున్నాడు. పంతులు కూడా వచ్చి కూర్చున్నాడు. హన్మవ్వ వడ్డించింది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.

పది రోజుల కింద పోచంపాడులో పోయినవాడితో రాజలింగు అక్కడ అన్నది ఒక్కటే మాట: "కోడల్ని ఇంటికి తెచ్చుకుంట, కొడుకా."