చక్కెర లేని షీర్ ఖుర్మా

కరాచీలో ఇప్పుడు ఇంటింటా వంట యంత్రాలే. అరచెయ్యి చూపిస్తే చాలు, రికార్డులో ఉన్న జబ్బును బట్టి వడ్డిస్తాయి. నూరీన్‌ది మనసు జబ్బు. ఆ మాట బయటికి పొక్కితే చెల్లెలికి సంబంధాలు రావని, అమ్మ రికార్డులో షుగర్ అని రాయించింది.

ఈద్ రోజు పక్కింటి సకీనా ఖాలా వచ్చింది. నాలుగేళ్లుగా పోస్తున్నట్టే యంత్రం నూరీన్‌కు చక్కెర లేని షీర్ ఖుర్మా పాయసం పోసింది. ఖాలాకూ అదే పోసింది.

"మీకూ షుగరేనా, ఖాలా?"

అమ్మ సమోసాల కోసం లోపలికి వెళ్లేదాకా ఖాలా ఆగింది. తర్వాత నూరీన్‌ చెవి దగ్గరికి వంగింది.

"నీది మామూలు షుగరా బేటీ, ఏడుపొచ్చే షుగరా?"

నూరీన్‌కు నిజం చెప్పెయ్యాలనిపించింది. అంతలో అమ్మ పళ్లెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మామూలుదే, ఖాలా."

"నాదీ మామూలుదేలే," అంది ఖాలా, గిన్నెలోకి చూస్తూ.