ఆకుపచ్చ టేపు

కారు ఓనరు తన బావమరిదిని కాలరు పట్టి ఈడ్చుకొచ్చి నా మెకానిక్ షెడ్డులో పడేశాడు. వాడి ముక్కులోంచి రక్తం కారుతోంది.

"హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా దిగాడు వెధవ! కారు వాలులో జారి మా నాన్న కాళ్లు నుజ్జునుజ్జయ్యాయి. పైగా బ్రేకు లైటు స్విచ్చు పాడైందని బొంకుతున్నాడు. చూసి చెప్పు!"

"డాష్‌బోర్డులో బ్రేకు ఎర్ర లైటు వెలుగుతోంది బావా! బ్రేకు వేసే ఉందనుకున్నా..."

మాట పూర్తి కాకముందే ఓనరు చేతిలోని వీల్ స్పానరు వాడి మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

కారులోకి దూరాను. బ్రేకు లివరు కిందికే ఉన్నా, అంటే బ్రేకు వెయ్యకపోయినా, లైటు వెలుగుతోంది. లివరు కింది స్విచ్చుకున్న వైరు పీకేశాను. అయినా ఆరలేదు. అంటే దోషం స్విచ్చుది కాదు, వైరే ఎక్కడో కారు బాడీకి తగిలి లైటును వెలిగిస్తోంది. వెతుక్కుంటూ పోతే కొత్త టీవీ స్క్రీను వెనక దొరికింది. బ్రేకు వేసి ఉంటేనే అందులో సినిమా ఆడుతుంది. నడిచే బండిలోనూ ఆడేలా, బ్రేకు వేసినట్టే చూపించడానికి ఆ వైరును బాడీ బోల్టుకు బిగించి, పైన ఆకుపచ్చ టేపు చుట్టారు.

ఆ టేపు చుట్ట నా జేబులోనే ఉంది. నిన్న ఓనరు అడిగాడు, నేను బిగించాను.

"ఏంట్రా నాన్చుతున్నావ్?" స్పానరు నా వైపు తిరిగింది. "స్విచ్చు పోయిందా, లేదా?"

కింద పడ్డవాడు ఒంటి చేత్తో నాకు దణ్ణం పెడుతున్నాడు.

"స్విచ్చు బాగానే ఉందండీ," అన్నాను.

స్పానరు మళ్లీ పైకి లేచింది.

నేను అబద్ధం ఆడలేదు.