పాస్ అని రాసిన చెయ్యి

ఆపరేషన్ చేసే డాక్టర్ ముందున్న తెరకు వీడియో అందించే పెట్టె అది. జ్యోత్స్న నూట నలభై వీడియోలతో పరీక్షించింది. ఒకటి ప్రమాణానికి సరిపోలేదు. ఫెయిల్ అని రాసింది.

ఆఫీసులో ఆమెకు అదే ఆఖరి రోజు. మేనేజర్ ఉదయ్ భాస్కర్ రిపోర్టును ఆమె బల్ల మీద విసిరికొట్టాడు.

"బొమ్మ శుభ్రంగా కనబడుతుంటే ఫెయిలేంటి? పాస్ రాసి సంతకం పెట్టు."

"మధ్యల ఫ్రేమ్ పోతే పాత బొమ్మనే మళ్ల చూపిస్తుంది సార్. కత్తి కదిలినా తెర మీద కదలదు. నేను పెట్ట."

"పెట్టకపోతే రిలీవింగ్ లెటర్ ఇవ్వను."

"ఇయ్యకున్రి."

కోపంతో ఊగిపోతూ అతనే ఫెయిల్ కొట్టేసి, పాస్ అని రాసి సంతకం గీకాడు.

జ్యోత్స్న బ్యాగు తగిలించుకుంది.

"ఎక్కడ చేరుతున్ననో మీరు అడగనే లేదు సార్. ఈ పెట్టెలు కొంటున్న దవాఖానలనే. సోమవారం ఈ రిపోర్టు చూసేది నేనే."