ఇంటినిండా జనం

"వచ్చేసింది! కారు దిగుతోంది!"

కిటికీ దగ్గర్నుంచి సెయినీ వేసిన కేకకి మాంగెరె పేటలోని ఆ ఇల్లంతా కదిలిపోయింది.

"అందరూ గరాజ్‌లోకి పదండి! బాబాయ్, ఆ గిటారు కూడా పట్టుకుపో!" అంటూ సెయినీ మొగుడు మాకా అందర్నీ తరిమాడు.

బాబాయిలు, మేనత్తలు, వాళ్ల పిల్లలు వెనక తలుపు వైపు పరుగెత్తారు. టారో దుంపల గిన్నెతో పెద్ద మేనత్త గుమ్మంలో ఇరుక్కుపోయింది.

"కాస్త తగ్గవే అత్తా!"

"నేనెందుకు తగ్గాలిరా? గుమ్మమే చిన్నగా కట్టారు!"

నవ్వుతూనే ఆమెని బయటికి తోశారు.

ముందు గదిలో మాకా తల్లి లూపే ఒక్కతే మిగిలింది. చేతికి గొట్టాలు, పక్కన డయాలిసిస్ మిషన్. అది ఇంటికొచ్చాకే ఆమెకి ఆస్పత్రి తిరుగుడు తప్పింది.

అది పోతుందనే ఇప్పుడు అందరి భయం. జనం ఎక్కువున్న ఇళ్ల నుంచి మిషన్లు వెనక్కి తీసుకుంటారని చర్చిలో చెప్పుకుంటున్నారు. అది తేల్చడానికే యూనివర్సిటీ నుంచి ఐల్సా అనే తెల్లావిడ ఇల్లిల్లూ తిరుగుతోందట.

ఐల్సా లోపలికొచ్చి లూపే పక్కన కూర్చుంది.

"మిషన్ నడిచేటప్పుడు మీ దగ్గర ఎవరుంటారమ్మా?"

"ఎవరూ ఉండరు. ఈగ కూడా వాలదు!" లూపే గర్వంగా చెప్పింది.

"ఎవరూనా?"

"ఒట్టు!"

ఐల్సా ముఖం వాడిపోయింది.

అంతలో మిషన్ గట్టిగా మోగింది.

గరాజ్ తలుపు దబ్బున తెరుచుకుంది. అందరూ ఒకేసారి గదిలోకి వచ్చిపడ్డారు.

"అత్తా, చెయ్యి కదపకు!" సెయినీ లూపే మోచెయ్యి పట్టుకుంది. మాకా మడతపడ్డ గొట్టం సరిచేశాడు. మేనత్త పాదాలు రుద్దింది. బాబాయి ఎవరూ అడక్కుండానే కీర్తన ఎత్తుకున్నాడు.

మోత ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకి, గదిలో ఐల్సా ఉందని.

"మీరంతా ఎప్పుడూ ఇలాగే వస్తారా?" అని అడిగింది ఐల్సా.

"రాక? ఆవిడ మా వదిన!" అన్నాడు బాబాయి.

మాకాకి ఒళ్లు మండింది. "చూశారుగా! జనం ఎక్కువని రాసేసుకోండి. మిషన్ పట్టుకుపోండి. మా అమ్మ ఏమైపోతే మీకేం?"

"ఒక్క మాట వినండి..." అంది ఐల్సా.

"తలుపు అటుంది."

ఐల్సా వెళ్లిపోయింది. ఆ ఇంటికి వచ్చినవాళ్లెవరూ అంతకుముందు తినకుండా వెళ్లలేదు.

చలికాలం పోయింది. ఒక ఆదివారం నర్సు ఓఫా ఎగురుకుంటూ వచ్చింది.

"లూపే పిన్నీ! మిషన్ ఇక్కడే ఉంటుంది! జనం ఉన్న ఇళ్లకే ముందు ఇవ్వాలని ఆస్పత్రివాళ్లు తేల్చేశారు! చర్చి పక్కన కూడా డయాలిసిస్ కోసం ఒక ఇల్లు తెరుస్తున్నారు, బంధువులంతా కూర్చునేలా!"

ఇల్లు ఎగిరి గంతేసింది. మేనత్త సెయినీని గిరగిరా తిప్పింది. బాబాయి గిటారు అందుకున్నాడు.

"పెద్ద డాక్టరుగార్ని భోజనానికి పిలవరా మాకా!" లూపే కళ్లు తుడుచుకుంది. "పందిని కాలుద్దాం!"

"డాక్టర్నెందుకు పిన్నీ? ఆయన మొదట్నుంచీ వద్దనే అన్నాడు. వాళ్లందరి ముందూ నిలబడి పోట్లాడింది ఐల్సా. జబ్బుమనిషికి ఇంటినిండా జనం ఉండటమే మందు అని వాదించింది. ఒప్పుకునేదాకా వదల్లేదు."

గిటారు ఆగింది.

"నేను... బయటికి పంపేశాను ఆవిణ్ని," అన్నాడు మాకా.

"అయితే ఇప్పుడే వెళ్లి తీసుకురా! కాళ్లు పట్టుకునైనా సరే!"

"లేదు పిన్నీ. పని అయిపోయింది, దక్షిణ దీవిలో వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. ఇక ఇటు రానంది."

లూపే ఓఫా వైపు తిరిగింది.

"మేం తనకేమవుతామని అంత పోట్లాడిందే?"

ఓఫా ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"వాళ్లాయన కూడా ఇంట్లో ఇలాంటి మిషన్ మీదే ఉండేవాడట పిన్నీ, ఆవిడ ఉద్యోగానికెళ్లిన ఒక రోజు గొట్టం ఊడి అలారం మోగుతూనే ఉందట, వినడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు."